పాత ఫ్యామిలీ ఫొటో, ఎప్పటిదో ఎక్కడిదో ఎలా కనుక్కోవాలి?

పాతపెట్టె:
సామాన్లు సర్దుతుంటే అట్టకి అంటించిన ఫొటో ఒకటి దొరికింది. కుర్చీలో ఒకావిడ, ఒళ్ళో పిల్ల, పక్కన నిలబడి ఒకాయన. ఆవిడ మా నాన్నమ్మ వాళ్ళమ్మ అంటారు గానీ గట్టిగా చెప్పేవాళ్ళు లేరు. వెనకాల 1898 అని రాసుంది, స్టూడియో పేరున్న చోట అట్ట విరిగిపోయి రెండక్షరాలే మిగిలాయి. మా నాన్నమ్మ ముక్కూ ఆవిడ ముక్కూ ఒకటే అనిపిస్తోంది, అది చాలా?

చిల్లరచరిత్ర:
ముక్కు సంగతి పక్కన పెట్టండి, నేను అలాగే ఒకావిడని మూడేళ్ళు మా ముత్తవ్వ అనుకున్నా, చివరికి పక్కింటావిడ అని తేలింది. ముందు అట్ట కొలవండి. ఇంచుమించు 6.5 × 10 సెం.మీ. ఉంటే కార్ట్ ద విజిట్ అంటే విజిటింగ్ కార్డంత అట్ట ఫొటో, 1854లో డిస్డేరి అనే ఫ్రెంచాయన పేటెంట్ తీసుకున్న సైజు. 11 × 16.5 అయితే కేబినెట్ కార్డు, అంటే అదే తరహాలో పెద్దది, అది 1860ల్లో మొదలై ఇరవయ్యో శతాబ్దం మొదటిదాకా నడిచింది. ఇంకోటి, ఆ 1898 ఏ పెన్నుతో రాశారు? బాల్ పెన్నులు షాపుల్లోకి వచ్చిందే 1940ల్లో.

వెండిమరక:
ప్రింటు కూడా చూడండి. ఆల్బుమెన్ అంటే గుడ్డు తెల్లసొన పూసిన పల్చటి కాగితం, తెల్లగా ఉండాల్సిన చోట్ల పసుపెక్కి, భూతద్దంలో కాగితం పీచు కనిపిస్తుంది. నల్లటి భాగాన్ని వెలుతురుకి ఏటవాలుగా పట్టుకుంటే నీలంగా వెండి తళుకు మెరుస్తోందా, అయితే చాలావరకు జెలటిన్ ప్రింటే, అంటే ఆల్బుమెన్ తర్వాత వచ్చిన రకం. తడిగుడ్డతో మాత్రం తుడవకండి బాబూ.

పాతపెట్టె:
బాల్ పెన్నే 🙁 తళుకు కూడా ఉంది. అట్ట ఏ సైజుకీ కలవట్లేదు. ఒక వింత, ఆవిడ మోకాళ్ళ మీదుగా మడత గీత ఉంది, వేలితో తడిమితే మాత్రం నున్నగా ఉంది.

వెండిమరక:
దొరికింది! మడత కాగితానిది కాదు, బొమ్మలోది. అంటే మీ దగ్గరున్నది ఫొటోకి తీసిన ఫొటో. ఆ రెండక్షరాలు కాపీ తీసిన స్టూడియోవి అయ్యుండొచ్చు, వాటి వెంట పడి టైం వేస్ట్. మడత పడ్డ అసలుది మీ కుటుంబంలో వేరే శాఖ వాళ్ళ దగ్గర ఉందేమో అడగండి. పెద్దవాళ్ళకి ముందూ వెనకా రెండూ పంపండి, 1898 అన్నది తప్పు అని చెప్పలేం, ఎవరో తర్వాత గుర్తుకోసం రాసుంటారు.

పాతపెట్టె:
స్కాన్ చేసి మా పెద్దత్తయ్యకి పంపా. పిల్ల ఎవరో తెలీదంది గానీ, "ఆయన భుజం మీద ఆ చెయ్యెవరిదిరా?" అని అడిగింది. పెద్దది చేసి చూస్తే నిజమే, ఫ్రేము అంచున నాలుగు వేళ్ళు. అసలుదాంట్లో ఇంకొకరున్నారు. రేపు బాబాయి వాళ్ళ ఆల్బం చూడ్డానికి వెళ్తున్నా.