పాపానికి తగినదా, పాపికి తగినదా?

అరసున్న: నాలుగేళ్ళ కిందట పాపసంకీర్తనం (కథోలికులు గురువు దగ్గర తమ పాపాలు చెప్పి ఒప్పుకోవడం) మీద ఒక పెద్ద గురువుగారి ప్రసంగం విన్నాను. మధ్యలో ఏదో పాత పుస్తకం తీసి ఒక వాక్యం చదివారు. బాగుందని నోటుపుస్తకంలో రాసుకున్నా. తర్వాత ఆ పేజీ మీద నీళ్ళు పడ్డాయి. ఇప్పుడు మిగిలింది ఇంతే: “పా…… దగిన ప్రాయశ్చిత్తము విధింపవలెను”. ‘పా’ తర్వాత నీలి మరక. అది “పాపమునకుఁ దగిన” అయ్యుంటుందా, “పాపికిఁ దగిన” అయ్యుంటుందా? గురువు ప్రాయశ్చిత్తం ఎలా ఎంచుతారన్నది అంతా ఆ అక్షరాల మీదే ఉంది కదా. వారం నుంచి ఇదే గోల నాకు.

బండి ర: “తగిన” కాస్తా “దగిన” అయిందంటే ముందు మాట ద్రుతాంతం, అంటే చివర ‘న్’ ఉన్నది. కాబట్టి “పాపమునకున్”. అయిపోయింది.

ద్రుతం: ఏం అయిపోయిందండీ? “పాపికిన్” కూడా ద్రుతాంతమే. కి, కు రెండూ ద్రుతప్రకృతికాలే. సరళాదేశం, అంటే ‘త’ కాస్తా ‘ద’ కావడం, రెండిటికీ సమానం. నా పేరు పెట్టుకున్నందుకైనా ఈ మాట నేను చెప్పాలి. అరసున్న గారూ, మరక ఎంత పొడవుందో కొలవండి.

అరసున్న: చిటికెనవేలి గోరంత. నా చేతిరాతలో రెండక్షరాలు హాయిగా పడతాయి, నాలుగు ఇరుకుగా పడతాయి. పైన గుడి లాంటిదొకటి లీలగా కనిపిస్తోంది. అది ‘పి’ మీదిదో, పై వరస నుంచి దిగిన కొమ్మో తెలియట్లేదు.

యతిభంగం: ఇది పద్యపాదం అని నా అనుమానం. “దగిన”ను “దగు” చేసి చూడండి: పాపి / కిఁ దగు ప్రా / యశ్చిత్త. హగణం, నగం, తగణం. తేటగీతిలో మొదటి మూడు గణాలు అచ్చంగా కుదిరాయి. “పాపమునకు” పెడితే మూడో గణం “గు ప్రాయశ్చి” అని మొదలై చెడుతుంది. ఛందస్సు పాపి వైపే ఉంది.

వలపలగిలక: రాసుకున్న మాట మార్చి, లేని పద్యం పుట్టించి, దాంతో పాఠం తేల్చడం మీకే చెల్లింది. సరే, నేనూ మారుస్తా. కందం రెండో పాదంలో రెండో గణం నుంచి ఎత్తుకోండి: పాపము / నకుఁ దగు / ప్రాయ / శ్చిత్తం. మూడోది నలం, చివర గురువు. యతికి ముందు ఒక ‘ప’ దొరికితే చాలు. ఛందస్సు పాపం వైపు కూడా ఉంది.

బండి ర: చివర గురువు తప్పనిసరి, పాపసంకీర్తనంలో లాగే.

చివరి బెంచీ: గణాలు కాసేపు పక్కన పెడదాం. 1983 నాటి కథోలిక ధర్మశాస్త్రం, 981వ నిబంధన. పాపాల స్వభావాన్నీ సంఖ్యనూ బట్టి, అయితే పశ్చాత్తాపపడే మనిషి స్థితిని చూసుకుని, మేలు చేసేదీ తగినదీ అయిన ప్రాయశ్చిత్తం విధించాలంటుంది. లాటిన్‌లో ఆ “అయితే”కి తామెన్ అనే మాట ఉంది. నా లెక్కలో బరువంతా దాని మీదే. పాపం కొలత చెబుతుంది, ఆ కొలతను సరిచేసేది పాపి.

ఇద్దరు వచ్చి ఒకే తప్పు చెప్పారనుకోండి: కోపంతో ఏడాదిగా తల్లితో మాట్లాడలేదు. ఒకరికి గురువు “ఇవాళ రాత్రిలోగా అమ్మకు ఫోన్ చెయ్యి” అంటారు. ఇంకొకరి తల్లి ఈలోగా పోయింది. ఆయనకు ఆమె ఆత్మ కోసం ఒక జపమాల. పాపం అదే, చేయాల్సిన పని వేరు. పైగా ఆ పనిని బట్టి పాపం బయటపడకూడదు. “ఆదివారం అందరి ముందూ మోకరించు” అంటే పక్కవాళ్ళు ఊహించడం మొదలుపెడతారు కదా, అందుకే అలాంటివి ఇవ్వరు.

బండి ర: ఇవన్నీ ఇప్పటి మెత్తదనాలు. ఆరు, ఏడు శతాబ్దాల ఐర్లండ్ సన్యాసుల ప్రాయశ్చిత్త గ్రంథాలు చూడండి. ఫలానా తప్పుకు ఇన్ని రోజులు రొట్టె, నీళ్ళు. ఫలానా దానికి ఇన్నేళ్ళు. అచ్చం ధరల పట్టీ. అరసున్న గారి గురువుగారు తీసింది పాత పుస్తకం అంటున్నారు కాబట్టి “పాపమునకు”.

చివరి బెంచీ: ఆ పట్టీల్లో కూడా ఒకే తప్పుకు గురువుకు ఎక్కువ, గృహస్థుకు తక్కువ. ఉపవాసం ఉండలేనివాడికి బదులుగా కీర్తనలు చదివే వీలుండేది. పాపి అప్పుడే పట్టీలోకి దూరాడు.

వలపలగిలక: కథోలిక పెద్దలు కూడిన ట్రెంట్ మహాసభను మరిచిపోయారు. 1551. ఘోరమైన పాపాలకు మరీ తేలిక పనులు విధించే గురువు ఆ పాపాల్లో తానూ భాగస్వామి అవుతాడని గట్టిగానే అన్నారు. ‘పాపి స్థితి’ పేరుతో అందరికీ మూడు మంగళవార్త జపాలతో (మరియమ్మకు చెప్పే చిన్న ప్రార్థన) సరిపెట్టేవాళ్ళకు ఆ మాట వినిపించాలి.

యతిభంగం: ఫ్రాన్స్‌లో ఆర్స్ అనే ఊరి గురువు జాన్ వియాన్నీ (1786–1859) సంగతేమిటి మరి? జనానికి చిన్న ప్రాయశ్చిత్తం ఇచ్చి, మిగతాది వాళ్ళ తరఫున తానే చేసేవాడు. లెక్క తగ్గలేదు, మోసేవాడు మారాడు. ట్రెంట్ కూడా కాదనలేదు.

చివరి బెంచీ: మూడు మంగళవార్త జపాలను ఎగతాళి చేయకండి. అనుమానపు మనస్సాక్షి ఉన్నవాళ్ళు ఉంటారు. చెప్పిన జపం సరిగ్గా చెప్పానా లేదా అని పదిసార్లు తిరగేస్తారు. వాళ్ళకు తెలిసిన గురువు ఇచ్చేది ఒకే ఒక్క జపం, “రెండోసారి చెప్పకూడదు” అన్న షరతుతో. ఆ రెండో భాగమే అసలు ప్రాయశ్చిత్తం. అలాగే “ఇకనుంచి అందరితో మంచిగా ఉండు” అన్నది మంచి సలహాయే కానీ ప్రాయశ్చిత్తంగా పనికిరాదు, ఎప్పుడు పూర్తయిందో ఎవరికీ తెలియదు. చేయలేనిది ఇస్తే అక్కడే “ఫాదర్, నావల్ల కాదు, ఇంకోటి ఇవ్వండి” అనొచ్చు కూడా. చాలామందికి ఈ సంగతి తెలియక టెన్షన్ పడతారు.

ద్రుతం: అందరూ ఒక మాట వదిలేశారు, “ప్రాయశ్చిత్తము”. ప్రాయం అంటే తపస్సు, చిత్తం అంటే నిశ్చయం అని స్మృతి శ్లోకం. రెండూ కలిస్తే ప్రాయశ్చిత్తం. నడుమ ఆ ‘శ్’ ఎక్కడిదంటారా, పాణిని వ్యాకరణంలోని పారస్కరాది గణంలో ప్రత్యేకంగా తెచ్చిపెట్టిన సకారం, చకారం పక్కన శకారమైంది. నిశ్చయం ఎవరిది? చేసేవాడిది. కాబట్టి మాటలోనే పాపి ఉన్నాడు. ఎటొచ్చీ సగంమంది “ప్రాయశ్చితం” అని ఒక్క ‘త’తో రాసి ఆ నిశ్చయాన్ని సగం చేస్తున్నారు.

వలపలగిలక: ఒక్క అక్షరం గోల లాటిన్‌లోనూ ఉంది. ‘పెనితెన్షియా’ను పాతకాలం లేఖకులు తరచు ఓ-ఇ కలిపి రాసేవారు, శిక్ష అనే అర్థమున్న ‘పొయెనా’ దాని తల్లి అనుకుని. నిజానికి అది వేరే మాట, పశ్చాత్తాపం నుంచి వచ్చింది. ఒక్క అచ్చు మారితే విచారం కాస్తా శిక్ష అవుతుంది. మన మరకా అలాంటిదే.

యతిభంగం: అది సరే కానీ, పాప“సంకీర్తనం” ఏమిటండీ అసలు? తాళ్ళపాక అన్నమయ్య వినే ఉంటే! రాగిరేకులకెక్కిన మాట అది. మనవడు చిన తిరుమలాచార్యుడు ఆ ప్రక్రియకు లక్షణమే రాశాడు. పాపాలను సంకీర్తించడమంటే పాపాలకు పాట కట్టడం లాగా ఉంది.

ద్రుతం: ధాతువు దగ్గరికి వెళ్ళండి. “కౄత సంశబ్దనే”. పేరు పెట్టి పైకి పలకడం. పొగడ్త అర్థం తర్వాత స్థిరపడింది. ఘోరమైన పాపాలను రకమూ లెక్కా చెప్పి ఒప్పుకోవాలని అక్కడి నియమం, కాబట్టి సంకీర్తనం కంటే సరైన మాట దొరకదు. ఆ మాటకొస్తే అన్నమయ్య అధ్యాత్మ సంకీర్తనల్లో ఎన్నిట్లో ఆయన తన తప్పులు తానే ఏకరువు పెట్టుకోలేదు? శృంగారం పాడేవాళ్ళకు అవి పట్టవు.

యతిభంగం: నేను శృంగారం ఒక్కటే పాడతానని ఎవరన్నారు?

బండి ర: మళ్ళీ అన్నమయ్య దగ్గరికి వచ్చేశాం. పదిహేను రోజుల కిందట “వడ్డీ” అనే మాట అడిగితే కూడా ఇక్కడికే వచ్చాం.

అరసున్న: పెద్దలు మన్నించాలి, నా మరక…

చివరి బెంచీ: కింది పేజీ చూడండి. గట్టిగా నొక్కి రాసేవాళ్ళయితే పెన్ను అచ్చు పడి ఉంటుంది. పెన్సిల్ పొడి చల్లి మెల్లగా రుద్దండి.

అరసున్న: రుద్దాను. దొరికింది! “పాపకు” అని స్పష్టంగా ఉంది.

వలపలగిలక: “పాపకు”? అంటే “పాపమునకు”లో నడుమ అక్షరాలు మింగారు. నేను చెప్పలేదూ?

అరసున్న: క్షమించాలి, లైటు వేసి చూస్తే పక్కన “పెన్సిళ్ళు” అని కూడా ఉంది. కింద “పాలు”. అది నా సామాన్ల జాబితా అండీ, దాని పైపేజీలో రాసుకున్నది.

యతిభంగం: పాప / కుఁ దగు ప్రా / యశ్చిత్త. ఇదీ తేటగీతిలో కుదురుతుంది.