పోర్టింగ్ చేసిన పాత జిప్సీ హెడ్‌కు అడ్వాన్స్ పంపొచ్చా?

ప్రశ్న, పర్లాకిమిడి నుంచి:
నాది 1300 సీసీ ఎంపీఎఫ్‌ఐ (కార్బురేటర్ బదులు ఇంజెక్టర్లతో పెట్రోలు చిమ్మే) మారుతి జిప్సీ. మహేంద్రగిరి ఘాటీ ఎక్కుతుంటే రేడియేటర్ హోస్ పగిలి ఇంజిన్ బాగా వేడెక్కింది. హెడ్ (సిలిండర్లపై మూతలా కూర్చునే ఇంజిన్ పైభాగం) వంగిందంటున్నారు మెకానిక్. విశాఖలో ఒకాయన పోర్టింగ్ (లోపలి గాలి దారులు వెడల్పు చేయడం), పాలిష్ చేసిన పాత హెడ్ 16 వేలకు ఇస్తానంటున్నారు. ఫొటోల్లో అద్దంలా ఉంది. సగం ముందే పంపమంటున్నారు. నా పాత హెడ్‌ని కూడా అమ్మేద్దామనుకుంటున్నాను. పెద్దలు చెప్పండి.

జవాబు, రాయగడ నుంచి:
తమ్ముడూ, డబ్బు ఇప్పుడే పంపకు. నీ పాత హెడ్‌నీ అమ్మకు. దానికి ఇంతవరకూ ఫేసింగ్ (అడుగు చెక్కి చదును చేయడం) జరగకపోతే అదే నీకు కొలబద్ద. నాలుగు మూలలా వెర్నియర్‌తో (మిల్లీమీటరులో భాగాలు కూడా చూపే కొలత సాధనం) దాని ఎత్తు కొలిచి రాసిపెట్టుకో. అమ్మే ఆయన్నీ తన హెడ్‌ని అలాగే కొలిచి, వెర్నియర్ కనబడేలా ఫొటో పంపమను. ఎత్తు ఎంత తగ్గితే అంత ఫేసింగ్ అయిందన్నమాట. పాలిష్ ఫొటోల కన్నా ఈ ఒక్క ఫొటో విలువైనది.

వాల్వులు కూడా లెక్కపెట్టు. నీ బండికి 16 ఉండాలి. పాత కార్బురేటర్ జిప్సీది 8 వాల్వుల హెడ్, అదీ ఇదీ ఒకటి కాదు.

నేను ఇలాగే మెరుపు చూసి ఒక హెడ్ కొన్నాను. ఎగ్జాస్ట్ వాల్వ్ సీటుకీ ప్లగ్ రంధ్రానికీ మధ్య పగులు ఉంటే ఎపాక్సీ పూసి రుద్దేశారు. రెండు వారాలకే నీళ్లు సిలిండర్‌లోకి దిగాయి. చాలా బాధపడ్డాను. అందుకే చెప్తున్నాను, బోరింగ్ షాపులో ప్రెషర్ టెస్ట్ చేయించాకే డబ్బు. అది కుదరకపోతే కనీసం ఎర్ర డై కొట్టి, తుడిచి, తెల్ల డెవలపర్ చల్లి చూపించమను. పైకి తెరిచి ఉన్న పగులుంటే ఎర్ర గీత తేలుతుంది.

మరొకటి చాలామంది మర్చిపోతారు. వంగిన హెడ్‌కి కింద ఫేసింగ్ చేస్తే అడుగు చదునవుతుంది గానీ, పైన క్యామ్‌షాఫ్ట్ (వాల్వులను తెరిచే కడ్డీ) కూర్చునే వరుస వంకరగానే ఉండిపోతుంది. రాకర్లు (క్యామ్‌కీ వాల్వులకూ మధ్య ఉండే మీటలు) తీసేసి, క్యామ్ పెట్టి, క్యాపులు సరైన టార్క్‌కి బిగించి వేళ్లతో తిప్పాలి. పట్టేస్తే ఆ హెడ్ వద్దు. క్యాపులు అదే హెడ్‌వి అయ్యుండాలి. వాటిని హెడ్‌తో కలిపి బోర్ చేస్తారు కాబట్టి వేరే హెడ్ క్యాపులు పనికిరావు.

ప్రశ్న అడిగిన వారు:
అన్నా, ఫొటో వచ్చింది. నా హెడ్ కన్నా అరమిల్లీమీటరు తక్కువ ఉంది. పవర్ పెరుగుతుంది, మంచిదేగా అంటున్నారాయన.

జవాబు, రాయగడ నుంచి:
కొంత నిజమే, కానీ లెక్క చూడు. ఒక్కో సిలిండర్ సుమారు 324 సీసీ. కంప్రెషన్ (లోపలి గాలి ఎన్నో వంతుకు కుదుస్తుందో ఆ లెక్క) 9 అనుకుంటే పైన మిగిలే ఖాళీ 40 సీసీ పైచిలుకు. అరమిల్లీ తీస్తే అందులో దాదాపు 2 సీసీ పోయి కంప్రెషన్ 9.4 దాకా వెళ్తుంది. లోడుతో ఘాటీ ఎక్కేటప్పుడు నాకింగ్ (పెట్రోలు వేళ తప్పి మండి ఇంజిన్ టకటకలాడడం) భయం పెరుగుతుంది. పైగా మళ్లీ ఎప్పుడైనా వేడెక్కితే ఫేసింగ్‌కి లోహం ఎక్కడిది? వాల్వులు పిస్టన్‌కి దగ్గరవుతాయి కూడా. హెడ్ బిగించేముందు పిస్టన్ మీద మెత్తని మట్టి పెట్టి, ఇంజిన్ చేత్తో రెండు చుట్లు తిప్పి, అచ్చు మందం కొలవాలి.

నేనైతే కొనను. నీ హెడ్ ఎంత వంగిందో ముందు స్ట్రెయిట్ ఎడ్జ్ (తిన్నని ఉక్కు బద్ద), ఫీలర్ గేజ్‌తో (సందు కొలిచే పల్చని రేకులు) పొడవునా, అడ్డంగా, ఐమూలగా చూపించు. సుజుకి లెక్కలో 0.05 మిల్లీమీటరు దాకా పర్వాలేదు. అది దాటినా కొద్దిపాటి వంపే అయి, పగుళ్లు లేకుండా, క్యామ్ వేళ్లకి తిరిగితే పల్చగా ఒక ఫేసింగ్, కొత్త గ్యాస్కెట్‌తో బండి రోడ్డెక్కుతుంది.

తర్వాత ఎప్పుడైనా అమ్మాల్సి వస్తే ఎంత ఫేసింగ్ అయిందో కాగితం మీద రాసి, సంతకం పెట్టి ఇవ్వు. కొనేటప్పుడూ అలాంటి కాగితమే తీసుకో. ఇంజిన్ నంబరు బ్లాకు మీదే ఉంటుంది కాబట్టి హెడ్‌ని చూసి అది ఏ బండిదో చెప్పలేం.