మనిషి మతి తప్పడం సినిమాలో సరిగ్గా ఎక్కడ మొదలవుతుంది?

అర్ధరాత్రి ఆట

పోయిన వారం ‘రిపల్షన్’ మళ్లీ చూశాను. రోమన్ పొలాన్‌స్కీ 1965లో తీసిన బ్లాక్ అండ్ వైట్ సినిమా. మొదటిసారి చూసి పదేళ్లయింది. అప్పటి నుంచి నా బుర్రలో మిగిలినవి రెండే: పగిలే గోడలు, ఆ గోడల్లోంచి బయటికొచ్చే చేతులు. అక్క ఊరెళ్లి, కథానాయిక క్యారల్ ఫ్లాట్‌లో ఒంటరిగా మిగిలాకే ఆమెకు మతి చెదిరిందని ఇన్నాళ్లూ అనుకున్నాను. ఎవరడిగినా అలాగే చెప్పేవాణ్ణి.

ఈసారి పక్కన నోట్‌బుక్ పెట్టుకుని కూర్చున్నాను. ఆమెలో తేడా కనిపించిన ప్రతిచోటా సినిమా ఆపి, టైం రాసుకుంటూ చూశాను. చూసేకొద్దీ ఆ మొదలు వెనక్కి జరిగిపోతోంది. ఇంట్లో గోడ పగలడానికి చాలా ముందే, వీధిలో నడుస్తూ నేల మీది పగులు దగ్గర ఆగిపోయి దాన్నే చూస్తూ ఉండిపోతుంది. సరే, అక్కడ అనుకున్నాను. కానీ అంతకుముందే, అక్క ప్రియుడి రేజరు బాత్రూంలో కనిపిస్తే ఆమె మొహం ఎలా మారిందో చూశాను. దానికంటే ముందు అసలు మొదటి సీన్ ఉంది. బ్యూటీ పార్లర్‌లో కస్టమర్ చెయ్యి పట్టుకుని గోళ్లు చేస్తూ చేస్తూ మధ్యలో ఆగిపోతుంది. నిద్రపోయావా అని కస్టమరే అడగాల్సి వస్తుంది. ఇక టైటిల్స్ పడేదే ఆమె కంటి మీద. సినిమా మొదలయ్యేసరికే అది మొదలైపోయిందన్నమాట. చివరి షాట్ ఇంకా వెనక్కి వెళ్లి, చిన్నప్పటి కుటుంబం ఫోటోలో ఆ పిల్ల కళ్ల దగ్గర ఆగుతుంది.

ఈసారి నన్ను కుదిపేసింది చేతులు కాదు, కుందేలు. అక్క వండటానికి తెచ్చిన, తోలు వలిచిన కుందేలు. దాన్ని క్యారల్ ఫ్రిజ్‌లోంచి తీస్తుంది, పళ్లెంతో సహా అలా వదిలేస్తుంది. రోజులు గడుస్తుంటే అది కుళ్లుతూ ఉంటుంది, వంటింట్లో బంగాళాదుంపలకు మొలకలొస్తాయి. ఆ ఇంట్లో ఎన్నాళ్లు గడిచాయో మనకు తెలియజేసేవి ఆ రెండే. క్యారల్‌కి మాత్రం అవి కనిపించవు. మనకు కనిపించేది ఆమెకు కనిపించదు, ఆమెకు కనిపించేది అక్కడ ఉండదు. ఆ రెంటి మధ్య కూర్చుని చూస్తుంటే నాకు ఏ దయ్యం సినిమాలోనూ లేనంత భయం వేసింది.

అందుకే అడుగుతున్నాను. ఇలా మొదలెక్కడో వేలుపెట్టి చూపించలేని సినిమాలు ఇంకేమున్నాయి? ఆఖరికి అంతా దయ్యం పనే అని తేలేవి వద్దు. డాక్టర్ వచ్చి రెండు నిమిషాల్లో విప్పి చెప్పేసేవీ వద్దు.

పాత రీళ్లు

మీరడిగినదానికి ‘ది షైనింగ్’ (1980) పేరు చెబితే, అందరికీ తెలిసిందే కదా అంటారేమో. కానీ మీ నోట్‌బుక్ పెట్టుకుని దాన్ని ఒక్కసారి చూడండి. నవల రాసిన స్టీఫెన్ కింగ్‌కే దర్శకుడు కూబ్రిక్ తీసిన పద్ధతి నచ్చలేదు. కథలో మతి చెదిరే రచయిత జాక్ మొదటి నుంచే తేడాగా ఉన్నాడు, ఇక పడిపోవడానికి ఏముంది అన్నది ఆయన అభ్యంతరం. చాలామంది అదే అంటారు. నేను ఒప్పుకోను. ఎందుకంటే టైపు కాగితాల సీన్ ఉంది.

జాక్ భార్య వెండీ అతని టైప్‌రైటర్ దగ్గరికి వస్తుంది. మిషన్లో ఉన్న కాగితం మీద ఒకే వాక్యం, మళ్లీ అదే, మళ్లీ అదే. పక్కన ఉన్న బొత్తి తీసి తిరగేస్తుంది. అందరికీ గుర్తుండేది ఇంతవరకే. మీరు ఆ కాగితాలను ఆపి చూడండి. ఒకదాంట్లో ఆ వాక్యాలు పేరాల్లా ఉంటాయి. ఒకదాంట్లో నాటకం సంభాషణల్లా మధ్యకు జరిపి ఉంటాయి. ఇంకోదాంట్లో పద్యంలా విరిచి ఉంటాయి. అక్కడక్కడ అక్షర దోషాలు. ఒక్క రాత్రి కోపంలో కొట్టినవి కావవి. వారాల తరబడి, రోజూ పనికి కూర్చున్నట్టు కూర్చుని, మార్జిన్లు సరిచూసుకుంటూ కొట్టినవి. ఆ టైప్‌రైటర్ చప్పుడు వింటూ పాపం వెండీ, ఆయన రాసుకుంటున్నాడనే అనుకుంది. అదే మీరడిగిన మొదలు. మన కళ్ల ముందే జరిగింది, మనం దాన్ని పని అనుకున్నాం. వేరే భాషల వాళ్ల కోసం కూబ్రిక్ అక్కడి సామెతలతో కాగితాలు మళ్లీ టైప్ చేయించి ఆ షాట్లు విడిగా తీయించాడు. ఆ కాగితాలకు ఆయన ఎంత విలువిచ్చాడో చూడండి.

రెండోది ‘పర్‌ఫెక్ట్ బ్లూ’ (1997), సతోషి కోన్ యానిమేషన్. గంటన్నర కూడా ఉండదు. పాటల గ్రూపు వదిలి నటనలోకి వచ్చిన మీమా అనే అమ్మాయి. తన పేరుతో ఇంటర్నెట్‌లో ఎవరో డైరీ రాస్తుంటారు. రైలు దిగేటప్పుడు ఏ కాలు ముందు పెడుతుందో కూడా అందులో ఉంటుంది. మొదట నవ్వుతుంది, తర్వాత భయపడుతుంది, ఆ తర్వాత ఇవాళ నేనేం చేశానో చూద్దామని దాన్నే తెరుస్తుంది. ఆ మూడో మెట్టు ఎప్పుడు ఎక్కిందో నేను మూడుసార్లు చూసినా పట్టుకోలేకపోయాను. సగం నుంచి ఆమె మాటిమాటికీ అదే మంచం మీద నిద్ర లేస్తుంటుంది. అంతకుముందు సీన్ కలా, షూటింగా, నిజమా అన్నది మీరే తేల్చుకోవాలి.

మనవాళ్లలో చెప్పమంటే, డాక్టర్ విప్పి చెప్పేది వద్దన్నారు గానీ, మలయాళ సినిమా ‘మణిచిత్రతాళ్’ (1993) వదలకండి. దీని కథే తర్వాత రజనీకాంత్ ‘చంద్రముఖి’గా మనదాకా వచ్చింది. డాక్టర్ చెప్పేదంతా పక్కన పెట్టి మంచం సీన్ ఒక్కటీ చూడండి. బయటికి బయలుదేరిన గంగను భర్త వద్దంటాడు. ఎందుకు అని మామూలుగా అడుగుతుంది. మళ్లీ అడుగుతుంది. శోభన గొంతులో గంగ ఏ మాట దగ్గర అయిపోయిందో, ఆమె లోపలి రెండో మనిషి ఏ మాట దగ్గర వచ్చిందో చెప్పగలరేమో ప్రయత్నించండి. ఆ పాత్రకు ఆమెకు జాతీయ అవార్డు ఊరికే రాలేదు.

మిక్సింగ్ రూమ్

నేను సౌండ్ పని చేస్తాను. నా దృష్టిలో మీ ఇద్దరూ కళ్లతో వెతుకుతున్నారు. ఈ సినిమాల్లో మతి ముందు చెదిరేది చెవి దగ్గర.

‘రిపల్షన్’ హెడ్‌ఫోన్స్ పెట్టుకుని చూడండి. గడియారం టిక్కుటిక్కు, కుళాయి నీటిచుక్కలు, బయట గంటలు. అన్నీ ఆ ఇంట్లో ఉండాల్సిన చప్పుళ్లే. ఒక్కటి కూడా దయ్యపు శబ్దం కాదు. ఉండాల్సినదానికంటే కొంచెం దగ్గరగా, కొంచెం గట్టిగా వినిపిస్తాయి, అంతే. మిక్సింగ్‌లో ఫేడర్‌ని, అంటే శబ్దం పెంచే తగ్గించే మీటని, ఒక్క పిసరు పైకి జరిపితే ఏమవుతుందో నాకు తెలుసు. చూసేవాడికి తెలియదు, వాడి భుజాలు మాత్రం బిగుసుకుంటాయి. మనసు బాగోని మనిషికి మామూలు చప్పుడే మోయలేనిది అవుతుందని ఇంతకంటే బాగా ఎలా చెబుతాం?

‘ది షైనింగ్’లో పిల్లాడి మూడు చక్రాల బండి కూడా అంతే. చెక్క నేల మీద గరగరా గట్టిగా, తివాచీ ఎక్కగానే నిశ్శబ్దం, మళ్లీ చెక్క. రెండు మూడుసార్లకు మన ఊపిరి దానికి అలవాటు పడిపోతుంది. ఆ మలుపు దగ్గర ఏముందో అన్న టెన్షన్ మనకు మనమే తెచ్చుకుంటాం.

‘ది లైట్‌హౌస్’ (2019) ఎవరూ చెప్పలేదు. రాబర్ట్ ఎగర్స్ సినిమా. సముద్రం మధ్య రాతి దీవిలో లైట్‌హౌస్ చూసుకునే ఒక ముసలాయన, ఒక కుర్రాడు. ఫ్రేము దాదాపు చతురస్రం, 1.19:1, మనుషులిద్దరూ పెట్టెలో పెట్టినట్టుంటారు. కానీ సినిమాని నడిపేది పొగమంచు హారన్. అది ఆగి ఆగి మోగుతూనే ఉంటుంది. కాసేపటికి దాన్ని వినడం మానేస్తాం. నాకు అక్కడే భయమేసింది, మరిచిపోయానని తెలిసినప్పుడు. ఒకచోట ముసలాయన కుర్రాణ్ణి, మనం ఈ రాయి మీదికి వచ్చి ఎన్నాళ్లయింది, ఐదు వారాలా, రెండు రోజులా అని అడుగుతాడు. నేను లెక్క వేయబోయి, నాకూ తెలియదని గ్రహించాను.

కంటి పని ఒక్కటి నేనూ ఒప్పుకుంటాను. ‘జేకబ్స్ ల్యాడర్’ (1990)లో తల గిలగిలా ఊగిపోయే ఆకారం. గ్రాఫిక్స్ లేవు. నటుడు తల ఊపుతుంటే కెమెరాను తక్కువ ఫ్రేముల వేగంలో నడిపి, దాన్ని మామూలు 24 ఫ్రేముల వేగంలో ఆడించారు. మనిషే, మనిషి కదలికే, కాలం మాత్రం తప్పింది. ఇన్నేళ్ల తర్వాత కూడా అది కంప్యూటర్ బొమ్మల కంటే ఘోరంగా ఉంటుంది.

కిటికీ పక్క సీటు

ఈ సినిమాలన్నీ నేనూ చూశాను. కొన్ని సగంలో ఆపేశాను. కారణం చెప్పాలనిపించి రాస్తున్నాను.

మా అన్నయ్యకి సైకోసిస్ వచ్చింది, అంటే లేనిది ఉన్నట్టు నమ్మించే మానసిక జబ్బు. ఇప్పుడు బాగానే ఉన్నాడు, మందులు వాడుతున్నాడు, పని చేసుకుంటున్నాడు. మొదలెక్కడ అన్న మీ ప్రశ్న మా ఇంట్లో మేము కొన్నేళ్లుగా వేసుకుంటున్నదే.

అన్నయ్య ఒక నోట్‌బుక్ పెట్టుకునేవాడు. లిఫ్ట్ మా అంతస్తులో ఆగిన ప్రతిసారీ టైం రాసేవాడు. గంట, నిమిషం, సెకను. నీలం ఇంకుతో, గీతలు కొట్టి, కాలమ్స్ కట్టి. లిఫ్ట్ తరచూ పాడవుతుండేది కాబట్టి కంప్లయింట్ ఇవ్వడానికి రాస్తున్నాడనుకున్నాం. అమ్మ మెచ్చుకుంది కూడా, వీడొక్కడికే పట్టింపు ఉందని. రెండు నెలల తర్వాత తెలిసింది, ఎవరో తనకోసం వస్తున్నారని, గుమ్మం దాకా వచ్చి వెనక్కి వెళ్తున్నారని వాడి నమ్మకం. పాత రీళ్లు గారు టైపు కాగితాల గురించి రాసింది చదువుతుంటే చేతులు చల్లబడ్డాయి.

ఆ నోట్‌బుక్ కంటే ముందు కూడా ఉంది. నిద్ర తగ్గింది. స్నేహితుల ఫోన్లు ఎత్తడం మానేశాడు. టీవీ చూస్తూ సౌండ్ తగ్గించమనేవాడు, అప్పటికే తక్కువే ఉండేది. మిక్సింగ్ రూమ్ గారు చెప్పింది నూటికి నూరుపాళ్లు నిజం. ఇవన్నీ ఇప్పుడు వరసగా పేర్చి చెబుతున్నాను. అప్పుడు అవి వరసలో లేవు. ఒక్కొక్కటికీ ఒక్కో మామూలు కారణం ఉండేది.

నేను సగంలో ఆపేసేది ఎక్కడంటే, ఆ మనిషి చేతికి కత్తో గొడ్డలో ఇచ్చినప్పుడు. అప్పటిదాకా ఆ మనిషి లోపల ఉండి భయపడుతున్న కెమెరా ఒక్కసారిగా బయటికి గెంతి, ఆ మనిషిని చూసి భయపడటం మొదలుపెడుతుంది. ‘రిపల్షన్’ కూడా ఆ పని చేసింది, అంత గొప్ప సినిమా అయ్యుండి. ఈ జబ్బున్నవాళ్లలో ఎక్కువమంది ఎవరి జోలికీ వెళ్లరు. వాళ్లే ఇతరుల చేతిలో దెబ్బలు తినే అవకాశం ఎక్కువ. అన్నయ్య ఆ రెండు నెలలూ ఎవరినీ పల్లెత్తు మాట అనలేదు. తలుపుకు కుర్చీ అడ్డం పెట్టుకుని, లోపల మమ్మల్ని కాపలా కాశాడు.

చివరిదాకా చూడగలిగింది ‘సెయింట్ మాడ్’ (2019). రోజ్ గ్లాస్ మొదటి సినిమా. ఒక నర్సు, దేవుడు తనతో మాట్లాడుతున్నాడని నమ్ముతుంది. సినిమా అంతా ఆమె నమ్మకాన్ని ఆమె చూసినట్టే, అందంగా చూపిస్తుంది. చివర్లో రెప్పపాటు కంటే తక్కువసేపు మాత్రమే బయట నిజంగా ఏం జరుగుతోందో కనిపిస్తుంది. ఏం కనిపిస్తుందో చెప్పను. ఆ ఒక్క షాట్‌లో ఆమె మీద భయం వేయదు, ఆమె కోసం గుండె పట్టేస్తుంది.

అర్ధరాత్రి ఆట

మీరు రాసింది నాలుగుసార్లు చదివాను. చాలా థాంక్స్ అండీ. నేను నోట్‌బుక్‌లో టైం రాసుకుంటూ చూసింది ఒక సినిమా. మీరు అదే పని మీ ఇంటి రోజులతో చేశారు. మొదలు వెనక్కి జరిగిపోతుంటే నాకు కలిగింది కుతూహలం, మీకు ఎలా ఉండి ఉంటుందో ఊహించగలను.

కెమెరా బయటికి గెంతడం గురించి మీరన్నది చదివాక ‘రిపల్షన్’ రెండో సగం మళ్లీ వేశాను. నిజమే. హత్య దగ్గరికి వచ్చేసరికి నేను క్యారల్ పక్కన లేను, గుమ్మం దగ్గర నిలబడి ఉన్నాను. కుందేలు దగ్గర మాత్రం పక్కనే ఉన్నాను. ఇది పదేళ్లలో నాకు తట్టలేదు.

పాత రీళ్లు గారూ, ‘పర్‌ఫెక్ట్ బ్లూ’ నిన్న రాత్రి అయింది. డైరీని ఆమె తనంతట తాను తెరిచే చోటు కోసమే చూశాను. పట్టుకోలేకపోయాను.

ఒక్క మాట అడగొచ్చా, ఇబ్బందైతే వదిలేయండి. మీ అన్నయ్య ఇలాంటి సినిమాలు చూస్తారా?

కిటికీ పక్క సీటు

ఇబ్బందేం లేదండీ. మామూలుగా చూడడు. పోయిన ఏడాది నేను ‘ది షైనింగ్’ చూస్తుంటే గదిలోకి వచ్చాడు. సరిగ్గా వెండీ కాగితాలు తిరగేస్తోంది. నేను రిమోట్ అందుకోబోతే వద్దన్నాడు. నిలబడే ఆ సీన్ చూశాడు. తర్వాత అన్నాడు, “కొడుతున్నప్పుడు ఆయనకి అవన్నీ వేరేవేరే వాక్యాల్లాగే కనిపించి ఉంటాయి.”

వంటింట్లోకి వెళ్లి మంచినీళ్లు తాగి పడుకున్నాడు.