కస్టడీ, విజిటేషన్ పిటిషన్ ఎవరెవరు వేయొచ్చు?

వేపచెట్టు: తండ్రి పోయాడు, తల్లి మళ్లీ పెళ్లి చేసుకుంది అనుకోండి. నాయనమ్మ, తాతయ్య బిడ్డ కస్టడీ అడగొచ్చా? పోనీ, వచ్చి చూసే హక్కు (విజిటేషన్)? ఎక్కడ వేయాలి, ఏం కాగితాలు పెట్టాలి?

నల్లకోటు: వేయొచ్చు. 1890 నాటి గార్డియన్స్ అండ్ వార్డ్స్ చట్టం సెక్షన్ 8 ప్రకారం బంధువు, స్నేహితుడు, చివరికి కలెక్టర్ కూడా వేయొచ్చు. బిడ్డ మామూలుగా ఉండే ఊరి ఫ్యామిలీ కోర్టులో, అది లేకపోతే జిల్లా కోర్టులో. అయితే వేయడం వేరు, గెలవడం వేరు. తల్లి అనర్హురాలని కోర్టుకు అనిపిస్తే తప్ప ఇంకొకర్ని గార్డియన్‌గా (సంరక్షకుడిగా) పెట్టడానికి సెక్షన్ 19 అడ్డు. 2010 సవరణ దాకా ఆ సెక్షన్‌లో తండ్రి ఒక్కడే ఉండేవాడు.

ఎర్రసిరా: తల్లి పట్టు ఐదేళ్ల దాకే కదండీ. 1956 హిందూ మైనారిటీ అండ్ గార్డియన్‌షిప్ చట్టం (మైనర్ల సంరక్షణది) సెక్షన్ 6 చదవండి. ఐదు నిండితే బిడ్డ తండ్రిదే.

గడపదీపం: ఆ సెక్షన్ మీరు సగమే చదివారు. ఐదేళ్లలోపు బిడ్డ "సాధారణంగా" తల్లి దగ్గర ఉండాలని ఉంది. ఐదు నిండగానే అప్పగించమని ఎక్కడుంది? సెక్షన్ 13 చూడండి, బిడ్డ సంక్షేమమే అన్నిటికన్నా ముఖ్యం. సెక్షన్ 6లో గార్డియన్ తండ్రి, అతని "తర్వాత" తల్లి అన్న మాటకు తండ్రి చనిపోయాక అని అర్థం కాదని గీతా హరిహరన్ కేసులో సుప్రీంకోర్టు 1999లోనే తేల్చేసింది.

ఎర్రసిరా: తీర్పులు మాకూ తెలుసు. కింది కోర్టుల్లో నడిచే తీరు వేరు.

గడపదీపం: నడిచే తీరు వేరైతే అప్పీలు ఎందుకుంది? ఫ్యామిలీ కోర్టు తీర్పు మీద 30 రోజుల్లో హైకోర్టుకు వెళ్లొచ్చు.

వేపచెట్టు: అయ్యా, నేనడిగింది నాయనమ్మ గురించి.

రైలుపెట్టె: తల్లీతండ్రీ ఇద్దరూ కోవిడ్‌తో పోయిన పిల్లాణ్ని 2022లో సుప్రీంకోర్టు పిన్నికి కాదని తాతా నాయనమ్మలకే ఇచ్చింది. వాళ్ల వయసు, ఆమె ఆదాయం చూసి కాదనకూడదంది. తల్లి ఉంటే మాత్రం అంత సులువు కాదు. కస్టడీతో పాటు, అది రాకపోతే విజిటేషన్ అయినా ఇమ్మని అదే పిటిషన్‌లో ప్రత్యామ్నాయంగా అడగండి. చాలామంది ఇక్కడే తప్పుతారు.

ఎర్రసిరా: ఇంకోటి, మధ్యంతర కస్టడీ ఐ.ఏ. (కేసు నడుస్తుండగా వేసే దరఖాస్తు) 60 రోజుల్లో తేల్చాలి.

నల్లకోటు: కాదండీ. హిందూ వివాహ చట్టం సెక్షన్ 26లో ఆ 60 రోజులు పిల్లల పోషణ, చదువు ఖర్చుల దరఖాస్తుకి. అదీ "వీలైనంతవరకు". పైగా ఆ సెక్షన్ ఆ చట్టం కింద విడాకుల్లాంటి కేసు ఉంటేనే. గృహహింస చట్టం సెక్షన్ 21 కింద తాత్కాలిక కస్టడీ కూడా బాధితురాలికో, ఆమె తరఫున దరఖాస్తు వేసినవాళ్లకో తప్ప అవతలివాళ్లకి రాదు. వాళ్లు బిడ్డని చూసే ఏర్పాటు వరకు మేజిస్ట్రేట్ చేయొచ్చు.

ఇక కాగితాల సంగతి చూడండి. బిడ్డ పుట్టినతేదీ, మతం, ఇప్పుడుంటున్న చోటు, దగ్గరి బంధువుల పేర్లు చిరునామాలు, బిడ్డ పేర ఆస్తి ఉంటే దాని వివరం. గార్డియన్‌గా ఉండటానికి ఒప్పుకుంటున్నట్టు సంతకం చేసిన పత్రం, దానికి ఇద్దరు సాక్షులు. ఈ పత్రం మరిచిపోతే కోర్టు ఆఫీసులోనే వెనక్కి కొడతారు.

గడపదీపం: విజిటేషన్ ఆర్డర్‌లో "అప్పుడప్పుడు చూడవచ్చు" అని రానివ్వకండి, రేపు అమలు పిటిషన్ వేస్తే దాంతో పని జరగదు. మొదటి, మూడో శనివారం, ఉదయం 10 నుంచి సాయంత్రం 5, ఎక్కడ అప్పగించాలి, ఎవరు తెచ్చి దింపాలి, సెలవుల్లో ఎన్ని రోజులు, అన్నీ ఉండాలి. వీడియో కాల్ కూడా అడగండి. దూరంగా ఉండే తల్లో తండ్రో రోజూ 5–10 నిమిషాలు బిడ్డతో మాట్లాడగలగాలని సుప్రీంకోర్టు 2020లో చెప్పింది.

ఎర్రసిరా: భరణం ఇవ్వనివాడికి కాల్ ఎందుకట?

రైలుపెట్టె: భరణం బాకీ వేరే దావా. దానికి బిడ్డని తాకట్టు పెట్టకండి.

వేపచెట్టు: ఆ ఇద్దరు సాక్షులు బంధువులైనా సరిపోతారా?

నల్లకోటు: బంధువులు కాకూడదని చట్టంలో లేదు. అవతలి పక్షం మాత్రం వేలెత్తి చూపుతుంది. ఒక్కరైనా బయటివాళ్లుంటే మేలు.