ఫలానా హాస్పిటల్‌కే పొమ్మంటున్నాడు, కమిషన్ కోసమేనా?

మాది పరకాల పక్క ఊరు. బాపుకు కడుపునొప్పి. మా ఆర్‌ఎంపీ చిట్టీ రాసి హన్మకొండలో ఒక ప్రైవేటు హాస్పిటల్‌కే పొమ్మన్నాడు. వేరేచోట చూపిస్తామంటే మొహం మాడ్చుకున్నాడు. కమిషన్ ఉంటుందా అన్నా?

– ఉండకేం తమ్ముడూ! చిట్టీ మీద ఆయన పేరెందుకు మరి? కౌంటర్‌లో ముందు అడిగేదే "ఎవరు పంపారు?" అని. ఆ వాటా మీ బిల్లులోనే కలుస్తుంది.

– 2002 వైద్య నియమావళి ప్రకారం రిఫరల్‌కు కమిషన్ ఇచ్చినా, తీసుకున్నా తప్పే. కానీ అది రిజిస్టరైన డాక్టర్లకు. డాక్టర్ చదువు లేని ఊరి ఆర్‌ఎంపీ ఆ లెక్కలోకే రాడు. కమిషన్ ఇచ్చిన డాక్టర్ మీద తెలంగాణ మెడికల్ కౌన్సిల్‌కు ఫిర్యాదు చేయొచ్చు. రుజువే కష్టం, చేతిలో పెట్టే డబ్బుకు రసీదు ఇస్తారా?

– స్కానింగ్ రిపోర్టు ఉంటే వరంగల్‌లో సర్కారు దవాఖాన ఎంజీఎంలో సర్జన్‌కు చూపించు. ఆపరేషన్ అంటే ఆరోగ్యశ్రీ వర్తిస్తుందేమో అడుగు. నొప్పి ఎక్కువైతే మాత్రం ఈ పంచాయితీ పక్కనపెట్టి దగ్గరున్న దవాఖానకు తీస్కపో.