అప్‌డేట్: పేజ్ ఫ్లిప్ తర్వాత చెత్త గీతలు, కారణం దొరికింది

విండో మూసినప్పుడల్లా తెరపై ఒక్క ఫ్రేమ్ పాటు చెత్త గీతలు వస్తున్నాయని, పేజ్ ఫ్లిప్‌లో, అంటే తెర ఒక బఫర్ (చూపే బొమ్మ ఉండే మెమరీ) నుంచి ఇంకోదానికి మారేటప్పుడు, పాత బఫర్‌ను ఎప్పుడు వదలాలని అడిగాను కదా.

లినక్స్ డీఆర్‌ఎమ్‌లో (కెర్నెల్‌లో గ్రాఫిక్స్, డిస్‌ప్లే చూసుకునే భాగం) ప్రోగ్రామ్ తన జెమ్ హ్యాండిల్ (బఫర్‌ను సూచించే నంబర్) మూసేసినా మెమరీ పోదు, ఫ్రేమ్‌బఫర్ (ఆ బఫర్‌ను తెరపై చూపడానికి వాడే ఆబ్జెక్ట్) దగ్గర ఇంకో రిఫరెన్స్ ఉంటుంది. అది సరిగ్గానే ఉంది. గొడవంతా అటామిక్ కమిట్ (డిస్‌ప్లే మార్పులన్నీ ఒకేసారి అమలు చేసే పని) చివర్లో. కొత్త అడ్రస్ రిజిస్టర్‌లో రాయగానే క్లీనప్ నడిచి పాత బఫర్ అన్‌పిన్ అయిపోతోంది, అంటే ఆ మెమరీ ఇక అక్కడే ఉంటుందన్న హామీ పోతోంది. హార్డ్‌వేర్ మాత్రం కొత్త అడ్రస్‌ను తర్వాతి వీబ్లాంక్‌కి (రెండు ఫ్రేమ్‌ల మధ్య విరామం) గానీ తీసుకోదు! 60 హెర్ట్జ్‌లో అంటే దాదాపు 16.7 మిల్లీసెకన్ల దాకా పాత మెమరీనే చదువుతూ ఉండొచ్చు.

ఫ్లిప్ పూర్తయ్యేదాకా ఆగి, ఆ తర్వాతే క్లీనప్ నడిచేలా మార్చాను. గీతలు పోయాయి.

ఫెన్స్ (జీపీయూ పని పూర్తయిందని తెలిపే సంకేతం) చూడమని సలహా ఇచ్చినవారికి థాంక్స్. అయితే ఆ ఫెన్స్ చెప్పేది కొత్త బఫర్‌లో రెండరింగ్ అయిందని, పాతదాన్ని డిస్‌ప్లే వదిలేసిందని కాదు.