బరువులెత్తితే కొవ్వు తగ్గుతుందా? మన శ్రీకాకుళం, విజయనగరం వాళ్ళు చేసి చూసినవి చెప్పండి

కోటజంక్షన్ కుమార్:
కుర్చీ ఉద్యోగం, పొట్ట వచ్చేసింది. కొన్నాళ్ళుగా పొద్దున్నే అయ్యకోనేరు గట్టు మీద నడుస్తున్నాను. మొదట్లో కాస్త తగ్గాను గానీ ఇప్పుడు కాటా కదలట్లేదు. తెలిసిన జిమ్ కుర్రాడు "నడక మానెయ్ సార్, బరువులెత్తండి, కొవ్వు అదే పోద్ది" అంటున్నాడు. మా ఆవిడేమో "ముందు సన్నబడండి, లేదంటే ఉన్న కొవ్వు గట్టిపడిపోతుంది" అంటోంది. నడక మానేయాలా? వారానికి ఎన్నిసార్లు ఎత్తాలి? ప్రొటీన్ డబ్బా కొనాలా? విజయనగరంలో ఐదింటికే తెరిచే జిమ్ ఏదైనా ఉందా? ఏసీ అక్కర్లేదు. చేసినవాళ్ళే చెప్పండి దయచేసి.

నాగావళి గట్టు:
ముందు ఆ కాటా అటక మీద పడెయ్యండి కుమార్ గారూ. నా బరువు పెద్దగా మారలేదు, ప్యాంట్లన్నీ మాత్రం కుట్టించుకోవాల్సి వచ్చింది. డే అండ్ నైట్ జంక్షన్ దగ్గర మా టైలరు టేపు నడుముకి చుట్టి "ఏటి బావూ, ఒంట్లో బాగుంటందా?" అని అడిగాడు. షుగరొచ్చిందనుకున్నాడు పాపం! కొవ్వు తగ్గి కండ పెరిగితే కాటాకేం తెలుస్తుంది? టేపు కొనండి, బొడ్డు దగ్గర కొలవండి. మన దేశం మగాళ్ళకి 90 సెంటీమీటర్లు, ఆడవాళ్ళకి 80 దాటితే జాగ్రత్తపడమంటారు. నేను దాటి చాలా దూరం వెళ్ళి వెనక్కొచ్చినవాణ్ణి.

అరసవల్లి గిరిజ:
మగవాళ్ళకేం, చొక్కా విప్పి అద్దంలో చూసుకుంటారు. మా సంగతి వినండి. నేను వెళ్ళిన జిమ్‌లో ఆడవాళ్ళకి పదకొండు నుంచి ఒంటిగంట దాకా, అంటే సరిగ్గా ఇంట్లో వంట అయ్యే వేళకి. ట్రైనరు మాకు ట్రెడ్‌మిల్ చూపించి, చేతికి గులాబీ రంగు డంబెల్ ఇచ్చి ఫోన్ చూసుకునేవాడు. ఆ డంబెల్ కంటే మా ఇంట్లో గ్యాస్ బండ చాలా బరువు, దాన్ని నేనే లాక్కొస్తాను. బరువులెత్తే ఇనుప బార్ అడిగితే "మేడమ్, భుజాలు మగాళ్ళలా అయిపోతాయి" అన్నాడు. మా అత్తగారు కూడా అదే మాట! ఆడవాళ్ళలో టెస్టోస్టిరాన్ మగవాళ్ళలో పదో వంతు కూడా ఉండదు. ఏళ్ళ తరబడి చచ్చీచెడీ ఎత్తే మగపిల్లలకే రాని భుజాలు నాకు ఉత్తినే వచ్చేస్తాయా? మానేసి ఇంట్లోనే చేసుకుంటున్నాను.

ఐరన్ సూరి:
మీలో సగం మంది లాగూలు వేసుకునే నాటికే నేను ఇనుము ఎత్తుతున్నాను. ఎంతమంది కుర్రాళ్ళని తయారుచేశానో రింగ్ రోడ్డులో అడగండి. సూటిగా చెప్తాను. నడక ముసలాళ్ళ పని. ఒక కిలో కండ పెరిగితే మీరు నిద్రపోతున్నా రోజుకి వంద కేలరీలు కరుగుతాయి. ఐదు కిలోలు పెంచండి, ఐదు వందలు. ఇక డైట్ అక్కర్లేదు. ప్రొటీన్ పౌడర్ పొద్దున రెండు స్కూప్‌లు, రాత్రి రెండు స్కూప్‌లు. అంతే మ్యాటర్.

లెక్కల మాస్టారు, చీపురుపల్లి:
సూరి గారూ, ఆ వంద ఎక్కడిదండీ? విశ్రాంతిలో ఉన్న కిలో కండ రోజుకి సుమారు 13 కేలరీలు ఖర్చు పెడుతుంది, కిలో కొవ్వు నాలుగున్నర. మీ ఐదు కిలోల కండా కలిపి 65. చట్నీ లేకుండా ఒక ఇడ్లీ. అదీ ఐదు కిలోల కండ అంటే మామూలు మనిషికి ఒక సీజన్‌లో వచ్చేది కాదు.

కుమార్ గారికి చెప్తున్నాను. కిలో కొవ్వులో 7,700 దాకా కేలరీలుంటాయి. రోజూ ఖర్చు కంటే 500 తక్కువ తింటే రెండు వారాలకి కిలో దగ్గర్లో పోతుంది. ఆ పని చేసేది కంచం, డంబెల్ కాదు. మరి డంబెల్ ఎందుకంటే, ఊరికే తిండి తగ్గిస్తే పోయే బరువులో కండ కూడా పోతుంది. మనిషి సన్నబడతాడు, పొట్ట మెత్తగా అలాగే ఉంటుంది, మెట్లెక్కితే ఆయాసం. బరువులెత్తుతుంటే ఆ కండ నిలబడి, పోయేది ఎక్కువగా కొవ్వే అవుతుంది. మీ ఆవిడగారి భయానికి ఆధారం లేదు. కొవ్వు, కండ వేరువేరు కణజాలాలు, ఒకటి గట్టిపడి ఇంకొకటి కాదు. నడక ఎందుకు మానాలి? నడవండి, ఎత్తండి.

ఐరన్ సూరి:
పుస్తకం చదివి కండ పెంచినోణ్ణి నేనింతవరకు చూళ్ళేదు మాస్టారూ. మీ ఫోటో ఒకటి పెట్టండి, ఎవరి లెక్క కరెక్టో జనమే చెప్తారు.

లెక్కల మాస్టారు, చీపురుపల్లి:
నా ఫోటోతో 13 కాస్తా 100 అవుతుందా?

సోంపేట శంకరం:
రెండు పూటలా రెండేసి స్కూప్‌లు అని అంత తేలిగ్గా రాసేశారే. మాది ఉద్దానం. కవిటి, కంచిలి, వజ్రపుకొత్తూరు వైపు ఎప్పుడైనా వచ్చారా మీరు? ఇంటికొక డయాలసిస్ కథ ఉంటుంది. నీళ్ళా, నేలా, ఎండలో పనా, ఈ కిడ్నీ జబ్బు ఎందుకొస్తోందో ఇప్పటికీ ఎవరూ తేల్చలేదు. మా బాబాయి కొబ్బరి చెట్టెక్కే మనిషి, ఒక్క చెడు అలవాటు లేదు. అయినా పోయాడు. మా ఊరి కుర్రాళ్ళు ఈ డబ్బాలు తెచ్చుకుని తాగుతుంటే నాకు గుండెల్లో దడ. కిడ్నీలు పోతే తమరు వచ్చి చూస్తారా?

ఐరన్ సూరి:
పౌడర్ తాగితే కిడ్నీలు పోతాయనేది ముసలమ్మల మాట. నాకేం పోలేదే? భయం ఉన్నోళ్ళు జిమ్ మానేసి భజన చేసుకోండి.

సోంపేట శంకరం:
నోరు అదుపులో పెట్టుకో. మా ఇంట్లో శవం లేచింది, నీకు భజన గుర్తొస్తోందా? ఏ నీళ్ళు తాగి పెరిగావో గానీ మా నీళ్ళు నువ్వు తాగలేదు.

నాగావళి గట్టు:
సూరి అన్నా, ఆ మాట బాగోలేదు. తీసెయ్.

పలాస ల్యాబోడు:
రోజూ రక్తం తీసేవాణ్ణి కాబట్టి చెప్తున్నాను, ఇద్దరూ తలో సగం చెప్పారు. కిడ్నీలు బాగున్నవాళ్ళకి కిలో బరువుకి రోజుకి 1.2 నుంచి 1.6 గ్రాముల ప్రొటీన్ వల్ల జబ్బు వస్తుందని తేలలేదు. కొవ్వు తగ్గించుకుంటూ బరువులెత్తేవాళ్ళకి సాధారణంగా చెప్పేది ఆ లెక్కే. ఐసీఎంఆర్ (భారత వైద్య పరిశోధన మండలి) మామూలు మనిషికి 0.83 చెప్తుంది. కానీ కిడ్నీ అప్పటికే దెబ్బతిని ఉంటే కథ మారిపోతుంది. అప్పుడు 0.8 దగ్గర ఉంచమని, 1.3 దాటొద్దని డాక్టర్లు చెప్తారు. చిక్కేమిటంటే దెబ్బతిన్న సంగతి చాలాకాలం తెలీదు. నొప్పి ఉండదు, మంట ఉండదు. అందుకే మన ఉద్దానం కుర్రాళ్ళు డబ్బా మూత తీసేముందు కిడ్నీల పరీక్షలు, అంటే రక్తంలో క్రియాటినిన్, మూత్రంలో ఆల్బుమిన్ చూపించుకోవాలి.

ఇంకోటి. కండ బాగా ఉన్నవాళ్ళకీ, క్రియేటిన్ పౌడర్ వాడేవాళ్ళకీ క్రియాటినిన్ కాస్త ఎక్కువే కనిపించొచ్చు. రిపోర్టు చూసి హడలిపోయి వచ్చిన కుర్రాళ్ళున్నారు. పౌడర్ సంగతి డాక్టరుకి చెప్పండి, అవసరమైతే సిస్టాటిన్ సి అనే ఇంకో పరీక్ష రాస్తారు. అసలు నాకు భయం వేసేది ప్రొటీన్‌తో కాదు. ఒళ్ళు నొప్పులని మెడికల్ షాపులో అడిగి రోజూ నొప్పి బిళ్ళలు మింగుతున్నారు చూడండి, కిడ్నీలకి చెరుపు చేసేవి అవి. జిమ్ మొదలెట్టిన వారం ఒళ్ళు నొప్పి సహజం, బిళ్ళ అక్కర్లేదు. ఇక కొన్ని జిమ్ముల్లో చాటుగా పొడిచే ఇంజెక్షన్ల గురించి ఇక్కడ రాయను, తెలిసినవాళ్ళకి తెలుసు.

ఐరన్ సూరి:
ఇంజెక్షన్లు నా దగ్గర లేవు, ఎవరైనా వచ్చి చూసుకోవచ్చు. శంకరం గారూ, మీ బాబాయి గురించి నేను అనలేదు.

చోడంబలి:
డబ్బాలెందుకు, కిడ్నీలెందుకు? మా తాత చోడంబలి (రాగి అంబలి) తాగి, తరవాణి అన్నం తిని బస్తాలు మోశాడు. మల్లయోధుడు కోడి రామ్మూర్తి నాయుడు గారు ఏ స్కూప్ వేసుకుని గుండెల మీద ఏనుగుని నిలబెట్టారు? ఆయన శాకాహారి అని చెప్పుకుంటారు. మన శ్రీకాకుళం బిడ్డ!

బొబ్బిలి బెబ్బులి:
ఆయన పుట్టిన వీరఘట్టం ఇప్పుడు పార్వతీపురం మన్యం జిల్లా అండీ. 2022 ఏప్రిల్‌లోనే వెళ్ళిపోయింది. పైగా ఆయన సర్కస్ పెట్టింది విజయనగరంలో. కాబట్టి మావాడు.

చోడంబలి:
ఆయన పేరిట స్టేడియం శ్రీకాకుళంలో ఉంది. పేరు చదువుకో.

రాజాం రవ్వ:
మమ్మల్ని రాత్రికి రాత్రి విజయనగరంలో కలిపేశారు, మేం ఎవరి తరఫున మాట్లాడాలి?

లెక్కల మాస్టారు, చీపురుపల్లి:
అంబలి మంచిదే, కాల్షియం బోలెడు. కానీ వంద గ్రాముల చోడి పిండిలో ప్రొటీన్ ఏడు గ్రాములే. 70 కిలోల మనిషి 90 గ్రాములు అంబలితోనే లాగాలంటే కిలోకి పైగా పిండి ఉడకాలి. తాతగారు బస్తాలు మోశారు కాబట్టి ఎంత తిన్నా చెల్లింది. మనం మోసేది మౌస్. కోడిగుడ్డులో ఆరు గ్రాములు, వంద గ్రాముల కందిపప్పులో 22, ఎండు మీల్‌మేకర్‌లో 50 దాటి. డబ్బా లేకుండా గడిచిపోతుంది. కొంటే ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ (ఆహార భద్రత సంస్థ) లైసెన్సు నంబరు చూసి కొనండి. పలాస జీడిపప్పు మాత్రం ప్రొటీన్ అనుకుని గుప్పెళ్ళు తినకండి, వంద గ్రాములకి 550 కేలరీల పైమాటే. మా బావమరిది అలాగే లావయ్యాడు.

ఆమదాలవలస 69:
బరువులంటే కరణం మల్లీశ్వరి గారి పేరు ఒక్కరూ ఎత్తరేం? మా పక్కన ఊసవానిపేట. సిడ్నీ ఒలింపిక్స్, 2000, 69 కిలోల విభాగం. స్నాచ్ (ఒకే ఊపులో తలపైకి ఎత్తేది) 110 కిలోలు, క్లీన్ అండ్ జెర్క్ (ముందు భుజాలకి, తర్వాత తలపైకి) 130. ఒలింపిక్స్‌లో పతకం తెచ్చిన మొదటి భారత మహిళ. గిరిజ గారి ట్రైనరుకి ఈ ముక్క చెప్పండి.

బొబ్బిలి బెబ్బులి:
మాకు కొండవెలగాడ ఉంది. మత్స సంతోషి, గ్లాస్గో 2014 కామన్వెల్త్ క్రీడలు, 53 కిలోల విభాగం. ముందు కాంస్యం ఇచ్చారు, గెలిచిన నైజీరియా అమ్మాయి డోపింగ్‌లో దొరికిపోయాక రజతం అయింది. ఆ పల్లెలో ఆడపిల్లలు బార్ పట్టుకోవడం ఎవరికీ వింత కాదు.

ఐరన్ సూరి:
అది వెయిట్‌లిఫ్టింగ్, మనం మాట్లాడేది వెయిట్ ట్రైనింగ్. రెండూ ఒకటి కావు. వాళ్ళు ఎత్తేది పతకానికి, కొవ్వు తగ్గడానికి కాదు. స్నాచ్ చూసి ఇంట్లో చేస్తే భుజం జారుతుంది.

లెక్కల మాస్టారు, చీపురుపల్లి:
ఈ ఒక్క మాటకి సూరి గారితో ఏకీభవిస్తున్నాను.

కోటజంక్షన్ కుమార్:
అయ్యా, వారానికి ఎన్నిసార్లు? ఒక్కరైనా చెప్తారా?

అరసవల్లి గిరిజ:
నేను చెప్తాను తమ్ముడూ. వారానికి రెండు మూడు రోజులు, మధ్యలో ఒకరోజు ఖాళీ. కుర్చీ మీంచి లేచి కూర్చోవడం లాంటి స్క్వాట్, వంగి ఎత్తేది ఒకటి, తోసేది ఒకటి, లాగేది ఒకటి. ఒక్కోటి మూడు సెట్లు, సెట్‌కి ఎనిమిది నుంచి పన్నెండు సార్లు. చివరి రెండు సార్లు కష్టం అనిపించాలి, నడుం వంకర పోకూడదు. తేలికైపోతే బరువు పెంచాలి, ఏడాదంతా అదే గులాబీ డంబెల్ ఊపితే లాభం లేదు. పొట్ట వ్యాయామాలు వంద చేసినా పొట్ట దగ్గరి కొవ్వే పోదు. ఒళ్ళంతా తగ్గుతూ అదీ తగ్గుతుంది. బీపీ ఉంటే డాక్టర్ని అడిగి మొదలెట్టు, ఎత్తేటప్పుడు ఊపిరి బిగపట్టకు.

నరసన్నపేట లక్ష్మి:
గిరిజప్పా, నాకు మోకాళ్ళ నొప్పి. స్క్వాట్ అంటే భయం. డంబెల్స్ కొత్తవి కొనాలంటే కిలో లెక్కన బాగా చెప్తున్నారు.

అరసవల్లి గిరిజ:
ఎత్తు కుర్చీతో మొదలెట్టమ్మా, ఆసరాకి గోడ పట్టుకో. నొప్పి లేనంత మేరకే దిగు. మరీ నొప్పైతే ముందు ఎముకల డాక్టరుకి చూపించుకో. కొత్తవి ఎందుకు, జిమ్ మూసేసినవాళ్ళు పాత ప్లేట్లు అమ్ముతారు. తుప్పు పట్టినా ఇనుము ఇనుమే. అంతవరకు రెండు లీటర్ల సీసాల్లో ఇసుక పోసుకో, నీళ్ళకంటే బరువు.

రాజాం రవ్వ:
మా ఇంట్లో ట్రెడ్‌మిల్ ఉంది, దండెం కింద వాడుతున్నాం. ఎవరికైనా కావాలంటే మెసేజ్ పెట్టండి. మేడ మీంచి దించుకోవడం మీదే.

బొబ్బిలి బెబ్బులి:
దించడమే ఒక వర్కవుట్. రేటెంత?